ఫొటో ఎందుకు ఎక్కలేదో చెప్పగలరా?

బ్యాంకు పరీక్షకి అప్లై చేసిన ప్రతి ఒక్కరికీ ఈ తిప్పలు తెలిసే ఉంటాయి. ఐబీపీఎస్ ఫొటో 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలంటుంది, సంతకం 10 నుంచి 20 కేబీ. మన ఫోన్‌లో తీసిన ఫొటో చూస్తే 4 ఎంబీ. ఇక వీధి చివరి నెట్ సెంటర్‌కి పరుగు. అక్కడి అన్న రెండు క్లిక్కులు కొట్టి, డబ్బులు తీసుకుని పంపించేస్తాడు. కంప్యూటర్ సైన్స్ డిగ్రీ మన చేతిలో ఉంటుంది, పని మాత్రం ఆయన చేస్తాడు.

ఎగతాళికి అనడం లేదు. ఆగిపోయిన పని ఎక్కడ ఆగిందో కనిపెట్టడం ఆయనకి వచ్చు. మన రెజ్యూమేల్లో కనిపించనిది సరిగ్గా అదే. ఫ్రెషర్‌గా ఉద్యోగం వెతుక్కునేవాళ్లు నాలుగో సర్టిఫికెట్ కోసం అమీర్‌పేట బస్సెక్కేకంటే, ఒక వెబ్‌సైట్‌లో ఫొటో ఎందుకు అప్‌లోడ్ కాలేదో మొదటి నుంచి చివరిదాకా పట్టుకోవడం నేర్చుకుంటే ఎక్కువ లాభం అని నా అభిప్రాయం. బ్రౌజర్, నెట్‌వర్క్, వెబ్ సర్వర్, పీహెచ్‌పీ, ఫైల్ సిస్టమ్... నాలుగేళ్ల సిలబస్‌లో సగం ఆ ఒక్క ఫొటో వెంట నడుస్తుంది.

మన సింహాచలం సంగతే తీసుకుందాం. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు కొండ చుట్టూ నడిచే జనం. వర్డ్‌ప్రెస్‌లో కట్టిన ఒక చిన్న లోకల్ వార్తల సైట్ ఉందనుకోండి. హనుమంతవాక దగ్గర నుంచి రిపోర్టర్ ముప్పై ఫొటోలు పంపాడు. ఎక్కించబోతే ఒక్కటే మాట: ‘అప్‌లోడ్ ఫెయిల్డ్’. డ్యూటీలో ఉన్నది మీరే. ఏం చేస్తారు?

చాలామంది చేసేది ఇది. ఆ మాటని యథాతథంగా గూగుల్‌లోనో, చాట్‌బాట్‌లోనో వేస్తారు. వచ్చిన పది సలహాలూ వరసగా ప్రయోగిస్తారు. ఆ పదింటిలో ఒకటి ఎప్పుడూ ఉంటుంది: అప్‌లోడ్స్ ఫోల్డర్‌కి 777 పర్మిషన్ ఇచ్చేయమని. అంటే ఇంటి తాళం పోయిందని తలుపే ఊడబీకడం. మామూలుగా ఫోల్డర్లకి 755, ఫైళ్లకి 644 చాలు. అక్కడికీ రాయలేకపోతోందంటే ఆ ఫోల్డర్ ఎవరి పేరు మీద ఉందో చూడాలి, ఊరందరికీ హక్కులు రాసివ్వకూడదు.

అసలు మొదటి ప్రశ్న వేరు. ఒక్క ఫొటోయే ఎక్కడం లేదా, ఏదీ ఎక్కడం లేదా? ఒక్కటే అయితే లోపం ఆ ఫైల్లో ఉంది. ఏదీ ఎక్కకపోతే సర్వర్ వైపు. ఈ ఒక్క ప్రశ్నతో సగం దారి తగ్గిపోతుంది. తర్వాత ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. ఇంటర్వ్యూలో ఈ మాట చెబితే అడిగేవాళ్ల ముఖం మారడం గమనించవచ్చు. అక్కడ 413 అని కనిపిస్తే వెబ్ సర్వరే ఫొటోని గుమ్మం దగ్గర ఆపేసిందని అర్థం. ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్ ఏ సెట్టింగూ మార్చకపోతే 1 ఎంబీ దాటిన దేన్నీ లోపలికి రానివ్వదు. వర్డ్‌ప్రెస్ మీడియా పేజీలో ‘గరిష్ఠం 2 ఎంబీ’ అని ఉంటుంది, అది పీహెచ్‌పీ పరిమితి. గుమ్మం దగ్గరి లెక్క దానికి తెలియదు. ఫొటో తనదాకా రానేలేదు కాబట్టి అసలు కారణం అది చెప్పలేదు. తెరమీద వచ్చే మెసేజ్‌ని పూర్తిగా నమ్మకూడదనేది అందుకే.

పీహెచ్‌పీలో ఇంకో తమాషా ఉంది. ఒక ఫైల్‌కి పరిమితి 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ, ఇవి దానితో వచ్చే లెక్కలు. ఫైల్ పరిమితి దాటితే ఎర్రర్ నంబర్ వస్తుంది. మొత్తం పరిమితి దాటితే మాత్రం ఫారం ఖాళీగా వచ్చినట్టు ప్రోగ్రామ్‌కి కనిపిస్తుంది. ‘మీరు ఫొటో పెట్టలేదు’ అని సైట్ మనల్నే దబాయిస్తుంది!

ఇక నాకు బాగా ఇష్టమైన కేసు. ఫొటో 4 ఎంబీయే, పరిమితి 64 ఎంబీకి పెంచారు, అయినా మధ్యలో చచ్చిపోతోంది. ఎందుకు? జేపెగ్ అంటే మడతపెట్టిన చీర లాంటిది. అగ్గిపెట్టెలో పట్టినా, విప్పితే ఆరు గజాలే. థంబ్‌నెయిల్ చెయ్యాలంటే సర్వర్ దాన్ని మెమరీలో పూర్తిగా విప్పాలి, ఒక్కో పిక్సెల్‌కి సుమారు 4 బైట్లు. 12 మెగాపిక్సెళ్ల ఫొటో 48 ఎంబీ అవుతుంది. ఇప్పటి ఫోన్లలో 50 మెగాపిక్సెళ్లు పెట్టి తీస్తే 200 ఎంబీ. చౌక హోస్టింగ్ ప్లాన్‌లో అంత చోటు దొరక్కపోతే ప్రాసెస్ అక్కడే పడిపోతుంది. ఇక్కడ కేబీలు తగ్గించి లాభం లేదు, పొడవు వెడల్పులు తగ్గించాలి. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ 2560 పిక్సెళ్ల హద్దు పెట్టుకున్నదీ పెద్ద ఫొటోల బాధకే.

ఐఫోన్ ఉన్న రిపోర్టరైతే హెచ్‌ఈఐసీ ఫైల్ పంపుతాడు. 2017 నుంచి ఆ ఫోన్లది అదే పద్ధతి. చివర జేపీజీ అని పేరు మార్చినంత మాత్రాన అది జేపెగ్ అయిపోదు, లోపలి బైట్లు నిజం చెప్పేస్తాయి.

మనవాళ్లకి ప్రత్యేకంగా ఇంకోటి: తెలుగులో ఫైల్ పేర్లు. ‘సింహాచలం’ చూడటానికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో 8 గుర్తులు, 24 బైట్లు. వెబ్ అడ్రస్‌లోకి వెళ్లేసరికి శాతం గుర్తులతో కలిపి 72 అక్షరాలు. పాత ప్లగిన్లు, బ్యాకప్ స్క్రిప్టులు ఇక్కడే తడబడతాయి. తెలుగు మీద నాకెంత ప్రేమున్నా, ఫైల్ పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోమంటాను. తెలుగు శీర్షికలో, క్యాప్షన్‌లో ఉంటే చాలు.

ఇదంతా సపోర్టు పని కదా, డెవలప్‌మెంట్ కాదు కదా అని కొందరికి చిన్నచూపు. ఇంట్లోవాళ్లకి కూడా ‘సపోర్టు’ అంటే మొహం మాడిపోతుంది. నేనైతే ఒప్పుకోను. ఎవరో రాసిన కోడ్ ఎక్కడ తెగిందో చూడగలిగినవాడే రేపు తెగని కోడ్ రాయగలడు. పైగా ఏఐ కోడ్ రాసిపెడుతున్న ఈ రోజుల్లో, మీ సర్వర్ లాగ్‌లో ఏముందో మీరు చూసి చెప్పకపోతే అది కూడా ఊహాగానమే చేస్తుంది.

ప్రాక్టీసుకి డబ్బక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లోనే వర్డ్‌ప్రెస్ వేసుకోండి. పరిమితి 1 ఎంబీకి తగ్గించి చూడండి. ఫోల్డర్ హక్కులు తీసేసి చూడండి. మెమరీ తగ్గించి పెద్ద ఫొటో ఎక్కించండి. ప్రతిసారీ తెరమీద ఏమొచ్చింది, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఏమొచ్చింది, ఎర్రర్ లాగ్‌లో ఏముంది, మూడూ పక్కపక్కన రాసుకోండి. చేయి తిరిగాక గోపాలపట్నం, అడవివరం వైపు ఏ లాడ్జికో, కల్యాణ మండపానికో, ట్రావెల్స్‌కో సైట్ ఉంటే వెళ్లి అడగండి. ఏళ్ల కిందటి ఫొటోలే వేలాడుతుంటే, కొత్తవి ఎందుకు పెట్టలేదండీ అని అడిగి చూడండి. ఎక్కడం లేదు బాబూ అంటే, మీ మొదటి ప్రాజెక్టు దొరికినట్టే.