తాళంచెవి పట్టుకున్నవాడే గ్రంథపాలకుడా?

పల్లెటూరి గ్రంథాలయానికి శిక్షణ పొందిన గ్రంథపాలకుడెందుకు? తలుపుతీసి, పత్రికలు బల్లమీద పరచి, పొద్దుగూకగానే తాళంవేసే మనిషి చాలడా? ఈ ప్రశ్న అమాయకంగానే వినిపిస్తుంది. కాని దీని వెనుక స్పష్టమైన వర్గదృష్టి వున్నది. విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి పట్టాలు, పరిశోధనలు తప్పనిసరి అనే పెద్దలే శాఖా గ్రంథాలయం దగ్గరకు వచ్చేసరికి తాళంచెవి చాలునంటారు. పుస్తకాల మధ్యనే పుట్టిపెరిగిన పండితుడికి పుస్తకం వెదికిపెట్టడానికి నిపుణుడు కావాలట! ఏ పుస్తకం అడగాలో కూడా తెలియని కౌలురైతుకు మాత్రం ఎవరైనా చాలునట! నిజానికి నిపుణుని అవసరం ఈ ఇద్దరిలో ఎవరికి ఎక్కువ?

మనలోనే కొందరు మిత్రులు మరొక వాదం చేస్తారు. గ్రంథాలయోద్యమాన్ని త్యాగధనులు నడిపారు, శిక్షణ అంటూ మొదలుపెడితే అది వట్టి నౌకరీగా దిగజారుతుంది అని వారి భయం. చరిత్ర ఈ వాదాన్ని బలపరచదు. బరోడాలో బోర్డెన్ 1911లోనే గ్రంథపాలకులకు తరగతి నడిపాడు. 1914లో బెజవాడలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారి పూనికతో, 1920లోనే శిక్షణ తరగతి పెట్టింది. అప్పటికి మనకు గ్రంథాలయ చట్టమూ లేదు, గ్రంథాలయ శాఖా లేదు. 1935లో పాతూరి నాగభూషణంగారు పడవమీద పుస్తకాలు పెట్టి కాలువగట్ల వెంట వూరూరికీ పంపించారు. ఏ వూరికి ఏ పుస్తకాలు పోవాలి, తిరిగి వచ్చినవేవి, రానివేవి అనే లెక్క లేకుండా ఆ పడవ సాగేదా? త్యాగానికీ శిక్షణకూ వైరం పెట్టింది ఆ తరం కాదు. జీతమివ్వడానికి మనసురాని పాలకులే ఆ వైరాన్ని కల్పించి, మన నోటనే పలికిస్తున్నారు.

శిక్షణ లేకపోతే జరిగే నష్టమేమిటో చూడాలంటే బీరువాను చూడండి. శిక్షణ లేని ఉద్యోగికి పుస్తకం అప్పగించిన సొత్తు. అది పోతే తన జీతంలోంచి కోత పడుతుందనే భయం అతన్ని వెంటాడుతుంది. కాబట్టి బీరువాకు తాళం వేస్తాడు. తాళం వేసిన బీరువాముందు పాఠకుడు చేయగలిగిందేమిటి? పేపరు చదివి ఇంటికి పోతాడు. ఏడాది చివర లెక్కచూస్తే ఒక్క పుస్తకమూ పోలేదు, ఒక్కటీ చదవబడలేదు! దీన్నే సమర్థ నిర్వహణ అంటున్నారు. పుస్తకాలు వుపయోగించడానికేనని, పాఠకునికి తగిన పుస్తకం చేర్చడమే కాక పుస్తకానికి తగిన పాఠకుణ్ణి వెదకడం కూడా గ్రంథపాలకుని బాధ్యతేనని రంగనాథన్ 1931లో సూత్రీకరించాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా మన శాఖా గ్రంథాలయాల్లో ఆ సూత్రాలకంటే తాళంకప్పకే విలువ ఎక్కువ.

వర్గీకరణ అంటే అట్టమీద అంకెలు వేయడమనుకోరాదు. కౌలు చట్టం గురించి అడిగినవాడికి ఆ చట్టమూ, దాని చరిత్రా, దానిమీద వచ్చిన నవలా ఒకదాని తర్వాత ఒకటి అందించగలగడమే వర్గీకరణ. చదువురానివారికి చదివి వినిపించడం, బడి మానిన పిల్లను మళ్లీ అక్షరం దగ్గరకు తేవడం కూడా నేర్చుకోవలసిన విద్యలే.

డబ్బు లేదంటారా? 1960 నాటి చట్టం ప్రకారం ప్రజలు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు చెల్లిస్తున్నారు. వసూలైన సెస్సును స్థానికసంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు సక్రమంగా జమచేయడంలేదనే ఫిర్యాదు ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఏళ్ల తరబడి వినబడుతూనే వున్నది. పదవీవిరమణ చేసినవారి కుర్చీలు ఖాళీగా వుంటాయి, లేదా ఏ హామీ లేని తాత్కాలికోద్యోగులతో నిండుతాయి. ప్రజలు పన్ను కట్టారు. బాకీ పడినది ప్రభుత్వమే.

అంతా సెల్‌ఫోనులోనే దొరుకుతుండగా గ్రంథపాలకుడెందుకనే వారూ వున్నారు. జిల్లా కేంద్ర గ్రంథాలయాలకు వెళ్లి చూడండి. పోటీపరీక్షలకు చదివే నిరుద్యోగ యువకులు తెల్లవారకముందే వచ్చి కుర్చీకోసం పోటీపడుతున్నారు. చాలామంది తమ పుస్తకాలు తామే మోసుకువస్తున్నారు! గ్రంథాలయం వారికి నీడా, ఫ్యానూ మాత్రమే ఇస్తున్నది. ఫోనులో వచ్చిన వార్తల్లో నిజమేదో, వదంతి ఏదో తేల్చుకోవడానికి చేయిపట్టి దారిచూపే మనిషి అవసరం ఈనాడు పెరిగిందే గాని తగ్గలేదు.

అయితే ఇప్పుడు నడుస్తున్న శిక్షణను కూడా మనం నెత్తిన పెట్టుకోనక్కరలేదు. అభ్యర్థి తన డబ్బుతో ఫీజుకట్టి, పట్నంలో కాపురం పెట్టి, పెద్ద గ్రంథాలయాలకోసం తయారైన పాఠాలు బట్టీపట్టి, పట్టాతో ఇంట్లో కూర్చోవలసివస్తున్నది. గ్రామంలో ఎవరు చదువుతారు, ఎవరు గడప తొక్కరు, ఎందుకు తొక్కరు అనే విచారణ ఆ పాఠాల్లో ఎంత వున్నది? కేరళలో గ్రంథాలయ కౌన్సిలే స్వయంగా సర్టిఫికెట్ కోర్సు నడుపుతున్నది. ఉద్యమం తన పనివాళ్లను తానే తయారుచేసుకోవాలనే సూత్రాన్ని వారు వదులుకోలేదు. మనం 1920లో ఆచరించి చూపిన సూత్రమే అది.

కనుక మన కోరికలు సూటిగా వుండాలి. శిక్షణఖర్చు సెస్సునుంచి భరించాలి, శిక్షణకాలంలో భృతి ఇవ్వాలి. శిక్షణ మండలకేంద్రాల్లో, పనిచేసే గ్రంథాలయాల్లోనే జరగాలి. శిక్షణ పొందినవారికి స్థిరమైన ఉద్యోగమివ్వాలి, పుస్తకాల ఎంపికలో మాట వుండాలి. పాఠకులు వాడగా చిరిగిన, పోయిన పుస్తకాలకు ఉద్యోగి జీతం కోయరాదు.

అధ్యాపకులారా, విద్యార్థులారా! మనం ప్రజాసాహిత్యం గురించి సభలు జరుపుతున్నాం, తీర్మానాలు చేస్తున్నాం. ఆ సాహిత్యాన్ని ప్రజల చేతికందించే ఉద్యోగి బతుకు ఏ తీర్మానంలోనూ కనిపించదు. మీ మండలంలోని శాఖా గ్రంథాలయానికి వెళ్లండి. బీరువా తెరిచివున్నదా, మీ పంచాయతీ నిరుడు సెస్సు జమచేసిందా, అక్కడి ఉద్యోగికి ఎవరైనా ఒక్కరోజైనా పని నేర్పారా అని అడగండి. వచ్చిన సమాధానాలను జిల్లా గ్రంథాలయ సంస్థ ముందు పెట్టి నిలదీయండి. ఉద్యమం అక్కడినుంచి మొదలుకావాలి.