పెట్రోలు మారింది, స్పార్క్ టైమింగ్ మారలె

దాదాపు అన్ని బంకులల్ల ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. "పికప్ పోయింది, మైలేజీ వస్తలేదు" అని మెకానిక్ షాపుల కాడ ఒకటే ముచ్చట.

అసలు కిటుకు స్పార్క్ టైమింగ్‌ల ఉన్నది. పిస్టన్ పైకి చేరకముందే ప్లగ్ నిప్పు పెట్టాలె. మరీ ముందు పెడితే ఇంజన్ నాకింగ్ జేస్తది. ఆలస్యమైతే బలమంతా వేడిగ సైలెన్సర్ల పోతది. ఆ టైమును పాత బండ్లల్ల సీడీఐ, బీఎస్-6 బండ్లల్ల ఎక్కువగ ఈసీయూ చూస్తది. పొగల విషం తగ్గాలని కంపెనీలు దాన్ని జర ఎనకకే పట్టి పెడ్తయి.

లీటరు ఇథనాల్‌ల శక్తి పెట్రోల్ కన్న మూడోవంతు తక్కువ. కానీ నాకింగ్‌ను బాగ తట్టుకుంటది. అంటే స్పార్క్ కొంచెం ముందుకు జరిపితే పోయిన బలంల కొంత తిరిగొస్తది. పాత సీడీఐకి ఆ తెలివి లేదు. పాత టూవీలర్లకు 3-4 శాతం మైలేజీ తగ్గుతదని 2021ల నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. ఇంజన్ల మార్పులు, ట్యూనింగ్‌తోని ఆ నష్టం తగ్గించొచ్చని గూడ చెప్పింది.

మరి ఆ ట్యూనింగ్ ఎవలు జెయ్యాలె? అనుమతి లేని మార్పులకు చట్టంల 5 వేల జుర్మానా, ఆరు నెలల దాక జైలు ఉన్నయి. అందాజగ రేసింగ్ సీడీఐ బిగిస్తే పిస్టనే కరగొచ్చు. అందుకే తమ్మీ, నువ్వు చెయ్యి పెట్టకు. పెట్రోలు మార్చిన సర్కారు, బండి అమ్మిన కంపెనీ కలిసి సర్వీస్ సెంటర్ల కొత్త సెట్టింగ్ ఇయ్యాలె. తాళంచెవి వాళ్ల దగ్గర పెట్టుకొని నష్టం మన మీద ఏస్తే ఎట్ల?