కోనసముద్రం కమ్మరి చేసినది శాస్త్రం కాదా?

మ్యూజియముల అద్దాల వెనుక మెరిసే పాతకాలపు కత్తులకు సుల్తాను, సేనాని, నవాబు అంటూ ఎవరో ఒక యజమాని పేరు ఉంటుంది. లోహానికి మాత్రం “డమాస్కస్ ఉక్కు” అని పేరు. ఆ పేరు ఎలా వచ్చిందన్న దానిపై పండితుల వాదులాట నేటికీ తెగలేదు. అయితే అటువంటి కత్తులకు కావలసిన ఉక్కు ముద్దలు దక్కనులోని పల్లెల నుంచి పారశీక దేశానికి ఎగుమతి అయినవన్నది నిర్వివాదం. నిజామాబాదు జిల్లా కోనసముద్రం అటువంటి పల్లె. ఆ ఊరి పేరు చీటీ మీద రాయడానికి అంగుళం చోటు చాలదా?

ఈ నిర్లక్ష్యం కొత్తది కాదు. 1795లో జార్జ్ పియర్సన్ లండను రాయల్ సొసైటీ ముందుంచిన పత్రం శీర్షికలోనే ఈ “వూట్జ్” బొంబాయిలో తయారయ్యే ఉక్కు అని ఉంది. ఓడకెక్కించిన రేవే పుట్టిల్లయిపోయింది! మన “ఉక్కు” శబ్దమే వూట్జ్ అయిందంటారు. మాట కూడా ఆ విధంగా వంకర తిరిగింది.

1820 ప్రాంతంలో కోనసముద్రం కొలుములను చూసిన వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ వర్ణన 1832లో అచ్చయింది. రెండు వేర్వేరు తావుల ఇనుమును పాళ్లు చూసి కలిపేవారు. మట్టిమూసలో పెట్టి మూత బిగించి, బొగ్గుల కొలిమిలో తిత్తులతో గంటల తరబడి ఊది, ఆ పైన మెల్లగా చల్లార్చేవారు. ఇస్ఫహాను వర్తకుడొకడు తూకాన్నీ నాణ్యాన్నీ స్వయంగా చూసుకొనేవాడు. ఏ ఇనుము ఎంత, ఏ వేడి ఎంతసేపు అన్నది నిర్ణయించగలిగినవానిది గుడ్డి అలవాటు అనడం అన్యాయం. ఇదే ఉక్కును లండనులో పరీక్షించిన మైకేల్ ఫారడే దాని గుణానికి అల్యూమినియం కారణమని 1819లో భావించాడు. అసలు కారణం అధికమైన కర్బనమని తరువాత తేలింది. ఫారడే పొరపాటును పరిశోధన అంటున్నాం, సంతోషమే. కమ్మరి సాఫల్యాన్ని మాత్రం “అంతరించిన రహస్యం” అంటున్నాం.

రహస్యమేదీ అంతరించలేదు, అంతరించినది గిరాకీ. కత్తుల కాలం పోయింది. 1856 తరువాత బెస్సెమర్ పద్ధతి ఉక్కును చవక చేసింది. కట్టెబొగ్గు కొలిమి ఆ పోటీకి నిలవలేకపోయింది. కూడు పెట్టని విద్యను తండ్రి కొడుక్కు ఎందుకు నేర్పుతాడు?

2023లో ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం పద్ధెనిమిది వృత్తులను గుర్తించింది. వాటిలో కమ్మరం ఉన్నది, మంచిదే. కానీ పనిముట్ల సహాయం బతికి ఉన్న వృత్తికే అందుతుంది. చచ్చిన వృత్తికి కావలసినది నమోదు. ఉత్తర తెలంగాణలో 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఊరూరా తిరిగి చిట్టెపు దిబ్బలను, మూసల పెంకులను నమోదు చేశాయి. రాజుల కోటగోడకు దొరికే చట్టరక్షణ ఈ దిబ్బలకు ఏ మేరకు దొరుకుతున్నది? దిబ్బను చదును చేసి దున్నుకొనే రైతును తప్పుపట్టి లాభం లేదు. అది ఏమిటో అతనికి చెప్పినవారు లేరు. పురావస్తు శాఖ కోనసముద్రంలో ఒక్క దిబ్బకైనా కంచె వేసి పలక నాటాలి. మ్యూజియములు తమ కత్తుల చీటీలను తిరిగి రాయించాలి. ఇందుకు కొత్త చట్టమేదీ అక్కరలేదు.