22 చక్రాల బండికి... ఐదో చక్రం!

హైవే మీద పెద్ద ట్రైలర్‌ని దాటుతున్నప్పుడు కారు వెనక సీట్లో పిల్లలు చక్రాలు లెక్కపెడుతుంటారు. ముందు రెండు, క్యాబిన్‌ వెనక ఎనిమిది, ట్రైలర్‌ కింద పన్నెండు... మొత్తం 22. వాళ్ల లెక్కకి అందని చక్రం ఇంకొకటుంది. అది నేలను తాకదు, దొర్లదు, దానికి టైరు కూడా ఉండదు. కానీ ముందున్న బండి వెనకున్న ట్రైలర్‌ని లాక్కెళ్లేది దాని పట్టుతోనే. పేరు ఫిఫ్త్‌ వీల్‌... ఐదో చక్రమన్నమాట!

నాలుగు చక్రాల గుర్రపు బగ్గీల్లో ముందు ఇరుసు అటూ ఇటూ తిరగడానికి దాని మీద చక్రంలాంటి కట్టు ఒకటి అడ్డంగా అమర్చేవారు. ఆ పేరే లారీలకీ వచ్చింది. 1914లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఆగస్ట్‌ ఫ్రూహాఫ్‌ అనే కమ్మరి, ఒక కలప వ్యాపారి పడవని మోసుకెళ్లడానికి ఫోర్డ్‌ కారు వెనక తగిలించే బండిని చేసిపెట్టాడు. నేటి సెమీ ట్రైలర్ల కథ మొదలైంది అలాంటి ప్రయత్నాలతోనే.

ఇప్పటి ఫిఫ్త్‌ వీల్‌ గుర్రపు నాడా ఆకారంలో ఉండే మందపాటి పలక. ట్రైలర్‌ అడుగున ఉండే కింగ్‌ పిన్‌ దాని చీలికలోకి దూరగానే లోపలి దవడలు పట్టేస్తాయి. ఈ పలక బరువు నూటయాభై కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. కొత్త బండి కొనేటప్పుడో, అరిగిపోయినదాన్ని మార్చేటప్పుడో యజమాని ముందుకొచ్చే ప్రశ్న... తేలికైనది తీసుకోవాలా, గట్టిదా?

బస్తా లెక్క

రోడ్డెక్కే బండికి మొత్తం బరువు ఇంత అని చట్టం గీత గీసింది. 2018లో కేంద్రం యాక్సిల్‌ పరిమితులు పెంచాక మన దగ్గర 22 చక్రాల ట్రైలర్‌కి ఆ గీత 55 టన్నులు. బండి సొంత బరువు ఎంత తగ్గితే సరుకు అంత ఎక్కువ ఎక్కించుకోవచ్చు. అమెరికాలో ఫోర్జింగ్‌ చేసిన అల్యూమినియం పలకలు వచ్చింది ఇందుకే. 50 కిలోలు తగ్గిందనుకుంటే సిమెంటు ట్యాంకరుకి ట్రిప్పుకో బస్తా కలిసొచ్చినట్టే. 200 ట్రిప్పులకి పది టన్నులు! అదే పత్తి బేళ్లో, చిప్స్‌ ప్యాకెట్లో మోసే బండికి బరువు గీత చేరకముందే చోటు నిండిపోతుంది. అలాంటివాళ్లు తేలికదనం కోసం అదనంగా డబ్బు పోస్తే అది తిరిగిరావడం కష్టం.

ముందుకీ వెనక్కీ జరిపే స్లైడర్‌ రకమైతే బరువు ఇంకా పెరుగుతుంది. ఏడాది పొడవునా ఒకే ట్రైలర్‌ లాగే బండికి కదలకుండా బిగించే రకం చాలు. ఖర్చు లేకుండా బరువు తగ్గించుకునే దారి ఇదే.

రెండు అంకెలు

అసలు చూడాల్సింది పలక మీదుండే రెండు అంకెలు. ఒకటి, దాని మీద ఎన్ని టన్నులు దిగొచ్చన్నది. రెండోది ‘డి’ విలువ... లాగుడుని ఎంతవరకూ తట్టుకుంటుందో కిలోన్యూటన్లలో చెప్పేది. ముందు బండి సొంత బరువు 9 టన్నులు, పలక మీద దిగే బరువు 19 టన్నులు, ట్రైలర్‌ ఇరుసుల మీద 27 టన్నులు అనుకుంటే మొత్తం 55. ఈ బండికి లెక్కకడితే ‘డి’ విలువ దాదాపు 138 వస్తుంది. కాబట్టి 20 టన్నులు, 152 కిలోన్యూటన్లు అని ఉన్న పలక సరిపోతుంది. కానీ దాని మీద పరిమితికి మించి సరుకు వేస్తే ఈ లెక్కంతా నీళ్లపాలే!

దారిని బట్టి కూడా ఎంపిక మారాలి. తేలిక రకాలు నున్నటి తారురోడ్లకి. గనులూ క్వారీల గుంతల్లో బండి మెలితిరుగుతుంటే ఆ ఒత్తిడంతా పలక మీదే పడుతుంది. అక్కడ బరువైనా దిట్టమైన పోత ఉక్కుదే మంచిది.

అరుగుదలే శత్రువు

ఎంత మంచిదైనా గ్రీజు లేకపోతే అరుగుతుంది. పాత గ్రీజులో దుమ్మూ ఇసుకా కలిస్తే అదే ఆకురాయిలా పనిచేస్తుంది. అందుకే పాతది గీకేసి కొత్తది పట్టించాలి. పైన ప్లాస్టిక్‌ పొర ఉన్న రకాలకి ఈ పని తక్కువ. కింగ్‌ పిన్‌ మందం కొత్తలో 50.8 మిల్లీమీటర్లు. 49కి తగ్గితే మార్చేయాల్సిందే. రెండు మిల్లీమీటర్లేగా అని అరిగిన చోట వెల్డింగ్‌ పెట్టించేవాళ్లున్నారు. అది మిగులు కాదు, ముప్పు. వెల్డింగ్‌ వేడికి ఉక్కు గుణమే మారిపోతుంది.

ఆఖరి పరీక్ష డ్రైవరు చేతిలో ఉంది. ట్రైలర్‌ తగిలించాక పలకకీ ట్రైలర్‌కీ మధ్య సందు లేదని చూడాలి. టార్చిలైటు వేసి దవడలు పిన్‌ని పట్టాయో లేదో గమనించాలి. ట్రైలర్‌ బ్రేకులు వేసి ఉంచి, బండిని మెల్లగా ముందుకి లాగి చూడాలి. ఆ తర్వాతే ట్రైలర్‌ కాళ్లు పైకెత్తాలి. పలక ఎత్తుకీ ట్రైలర్‌ ఎత్తుకీ పొంతన కుదరకపోతే దవడలు పట్టినట్టే కనిపించి, దారిలో వదిలేసే ప్రమాదముంది.

ఈ పనికి పట్టేది అయిదు నిమిషాలు. అది ఎగ్గొట్టి బయల్దేరితే, పక్కనుంచి వెళ్తూ చక్రాలు లెక్కపెట్టే పిల్లలకీ ముప్పే!