సోర్స్ ఫోల్డర్ల వివరం బిల్డ్ ఫైల్లోనే ఉండాలి



జావా పాఠాల్లో రెండో సోర్స్ ఫోల్డర్ ప్రస్తావన వచ్చేసరికి దాదాపు ప్రతిచోటా ఒకటే తంతు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ఎక్లిప్స్‌లో అయితే ‘యూజ్ యాజ్ సోర్స్ ఫోల్డర్’, ఇంటెల్లిజేలో అయితే ‘సోర్సెస్ రూట్’ నొక్కమంటారు. తెర మీద తప్పులు చూపే ఎర్ర గీతలు పోతాయి, పాఠం అయిపోతుంది. ఈ అలవాటు మారాలి. ఏయే ఫోల్డర్లలో కోడ్ ఉందో బిల్డ్ ఫైల్లో రాసిపెట్టాలి, ఎక్లిప్స్, ఇంటెల్లిజే లాంటి ఐడీఈ (కోడ్ రాసే సాధనం) దాన్ని చూసి నడుచుకోవాలి.

ఆ క్లిక్ చేసే పని నిజానికి చాలా చిన్నది. ఎక్లిప్స్ ప్రాజెక్టులోని ‘.క్లాస్‌పాత్’ ఫైల్లో ఒక పంక్తి చేరుస్తుంది. ఇంటెల్లిజే తన ‘.ఐఎమ్ఎల్’ ఫైల్లో అలాంటిదే రాసుకుంటుంది. మావెన్, గ్రేడిల్ అనే బిల్డ్ సాధనాలు వాడే ప్రాజెక్టుల్లో ఈ ఫైళ్లను చాలా జట్లు గిట్‌లోకి ఎక్కించవు. అందుకే ఆ ఏర్పాటు ఒక్కరి కంప్యూటర్లోనే ఉండిపోతుంది. పక్క సీట్లో కూర్చున్నవారు అదే కోడ్ దించుకుంటే మళ్లీ ఎర్ర గీతలే. ఇక జెన్‌కిన్స్ లాంటి బిల్డ్ సర్వర్లో ఐడీఈ అనేదే ఉండదు. అక్కడ కంపైలర్ ‘క్యానాట్ ఫైండ్ సింబల్’ అని ఆగిపోతుంది.

ఉదాహరణకు, ఎక్స్ఎస్‌డీ స్కీమా నుంచి జావా క్లాసులు తయారుచేసే ప్రాజెక్టులో ఆ క్లాసులను ‘ఎస్ఆర్‌సీ/జనరేటెడ్/జావా’లో ఉంచారనుకుందాం. మావెన్ తనంత తానుగా చూసేది ‘ఎస్ఆర్‌సీ/మెయిన్/జావా’, ‘ఎస్ఆర్‌సీ/టెస్ట్/జావా’ ఫోల్డర్లనే. 2005లో మావెన్ 2 వచ్చినప్పటి నుంచీ ఇదే ఏర్పాటు. కొత్త ఫోల్డర్‌కు ఇంటెల్లిజేలో చేత్తో గుర్తు పెట్టి, ఆ తర్వాత ‘రీలోడ్’ నొక్కితే ఐడీఈ ‘పామ్’ అనే మావెన్ బిల్డ్ ఫైల్‌ను మళ్లీ చదువుతుంది. అందులో లేని గుర్తు పోవచ్చు. మావెన్ నుంచి తెచ్చుకున్న మాడ్యూల్లో చేత్తో చేసిన మార్పులు నిలవకపోవచ్చని ఇంటెల్లిజే తానే హెచ్చరిస్తుంది కూడా. ఎక్లిప్స్‌లో ‘అప్‌డేట్ ప్రాజెక్ట్’ చేసినా అదే ఇబ్బంది.

సరైన దారి కష్టమేమీ కాదు. మావెన్ 3లో ప్రధాన సోర్స్ డైరెక్టరీగా ఒక్కదాన్నే రాయగలం. అదనపు ఫోల్డర్ కోసం ‘బిల్డ్ హెల్పర్’ ప్లగిన్‌లోని ‘యాడ్-సోర్స్’ గోల్‌ను ‘జనరేట్-సోర్సెస్’ దశకు తగిలించాలి. గ్రేడిల్‌లో అయితే ‘సోర్స్‌సెట్స్’ కింద ‘ఎస్ఆర్‌సీడిర్స్’లో ఆ ఫోల్డర్ పేరు చేరిస్తే చాలు. ఆ మార్పు గిట్‌లో కమిట్ అవుతుంది, సహోద్యోగులు రివ్యూలో చూస్తారు, సర్వర్ కూడా దాన్నే చదువుతుంది.

విద్యార్థులను బాగా తికమక పెట్టే తప్పు ఇంకొకటి ఉంది. ప్యాకేజీ పేరు సోర్స్ ఫోల్డర్ దగ్గరి నుంచి లెక్కకొస్తుంది. ‘ఎస్ఆర్‌సీ/మెయిన్/జావా’కు బదులు పైనున్న ‘ఎస్ఆర్‌సీ’ని సోర్స్‌గా పెడితే, ‘కామ్.బ్యాంక్’ అని రాసిన ఫైల్లో ప్యాకేజీ ‘మెయిన్.జావా.కామ్.బ్యాంక్’ అయి ఉండాలని ఎక్లిప్స్ తప్పు చూపుతుంది. రెండు ఫోల్డర్లనూ ఒకేసారి సోర్స్‌గా పెట్టబోతే, ఒకదాంట్లో మరొకటి కుదరదని ఆపుతుంది. కారణం తెలియని విద్యార్థి ఫైళ్లను అటూ ఇటూ మారుస్తూ గంటలు పోగొట్టుకుంటాడు.

మొదటి నెలలోనే పామ్ ఫైలా అని అధ్యాపకులు అడగవచ్చు. అడగదగ్గ మాటే. పది పంక్తుల ప్రోగ్రామ్‌కు ఒక్క ఫోల్డర్, ఐడీఈ చాలు. రెండో ఫోల్డర్ అవసరం పడిన రోజు మాత్రం బిల్డ్ ఫైల్ తెరవాల్సిందే. ఆ రెండో ఫోల్డర్‌కు వేరే లైబ్రరీలు కావాలంటే, దాన్ని విడి మాడ్యూల్‌గా తీయడం ఇంకా మేలు.

హైదరాబాద్ జేఎన్‌టీయూ 2018 నాటి ఆర్18 జావా ల్యాబ్ సిలబస్‌లో ఎక్లిప్స్ లేదా నెట్‌బీన్స్ మెనూలను పరిచయం చేసుకుని, టెస్ట్ ప్రాజెక్టు సృష్టించి నడిపే అభ్యాసం ఉంది. అలాంటి అభ్యాసాల వెంటనే ఇంకొకటి చేర్చాలి. అదే ప్రాజెక్టుకు రెండో సోర్స్ ఫోల్డర్‌ను మావెన్‌తోనో గ్రేడిల్‌తోనో జతచేయించి, ఐడీఈ మూసేసి, టెర్మినల్ నుంచి బిల్డ్ చేయించాలి. ఈ పత్రిక కూడా జావా పాఠాలు వేసేటప్పుడు ఐడీఈ తెర బొమ్మ పక్కనే బిల్డ్ ఫైల్లోని సంబంధిత పంక్తులనూ అచ్చువేయాలని మనవి.

ఇట్లు,
ఒక జావా ప్రోగ్రామర్, హైదరాబాద్