తీగకు తొడుగు - ప్రాణానికి రక్ష

వాన పడిన మరునాడు పొలం వెళ్లిన రైతు స్టార్టరు దగ్గర కుప్పకూలాడన్న వార్త పల్లెలకు కొత్త కాదు. దండెం మీద తడిబట్టలు ఆరవేయబోయిన ఇల్లాలు కరెంటుకు బలి కావడమూ కొత్త కాదు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ తలరాత అనుకొని ఊరుకోవడం పరిపాటి అయింది. విచారిస్తే తరచు బయటపడేది తలరాత కాదు, తొడుగు ఊడిన తీగ.

కరెంటును దాటనివ్వని ఆ తొడుగునే ఇన్సులేషన్ అంటారు. రాగి, అల్యూమినియం కరెంటును మోసుకుపోతాయి. రబ్బరు, ప్లాస్టిక్, పింగాణీ అడ్డుకుంటాయి. ఎండుకర్ర కూడా కొంత అడ్డుకుంటుంది కాని, తడిస్తే ఆ గుణం పోతుంది.

మోటారుకూ ఇదే రక్ష. "మోటారు కాలిపోయింది" అంటారు రైతులు. నిజానికి ముందు కాలేది రాగి తీగ కాదు, దానిమీది పూత. వోల్టేజి పడిపోయినా, మూడు ఫేజులలో ఒకటి పోయినా మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ఆ వేడికి పూత మాడిపోతుంది. రీవైండింగుకు వేలు ఖర్చవుతాయి. ఇనుప బాడీకి కరెంటు పాకితే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

అయినా పొదుపు ఇక్కడే చేస్తున్నారు. వేలు పోసి మోటారు కొన్నవారే తెగిన వైరును ముడివేసి, టేపుకు బదులు పాలిథిన్ కవరు చుట్టి వదిలేస్తున్నారు. ఎండకు పగుళ్లు బారిన వైరును ఏళ్ల తరబడి మార్చరు. సర్వీసు వైరుకు ఆసరాగా కట్టిన ఇనుపతీగనే దండెంగా వాడతారు. గాలికి రాసుకొని తొడుగు అరిగిందంటే ఆ దండెమే యమపాశం.

తప్పంతా ప్రజలదే అనడం న్యాయం కాదు. స్తంభాల మీది లైన్లకు సాధారణంగా తొడుగు ఉండదు. ఎత్తే వాటికి రక్ష. చేతికందేలా వేలాడే లైన్లను బిగించడం, ట్రాన్స్‌ఫార్మర్ల వద్ద ఫ్యూజు పెట్టెలకు మూతలు పెట్టించడం విద్యుత్ అధికారుల బాధ్యత. ఫిర్యాదు అందాక కూడా కదలకపోతే ఆ ప్రాణాలకు వారే జవాబుదారీ.

తొలకరికి ముందే ప్రతి పంచాయతీ ఒకరోజు కేటాయించి ఇంటింటా, బావి బావి దగ్గరా వైర్లు చూపించుకోవడం మంచిది. మెయిన్ ఆపిన తరువాతే, పని తెలిసినవారి చేతనే అతుకులు వేయించాలి. బట్టలకు నైలాన్ తాడు కట్టాలి. మోటారుకు ఎర్తు తప్పనిసరి. ఇళ్లలో 30 మిల్లీ ఆంపియర్లు లీకైనా కరెంటు ఆపివేసే బ్రేకరు పెట్టించుకుంటే మరీ మంచిది.

టేపు చుట్ట ఖరీదు రెండు మూడు టీల ఖరీదే. ప్రాణం ఖరీదు కట్టగలవారెవరు?