చూడి కట్టని ఆవు: మూడు నెలల వెనక్కి చూడాలి

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి అనగానే ఉక్కు కర్మాగారం గుర్తుకొస్తుంది. అదే దుర్గ్ జిల్లాలోని అంజోరాలో రాష్ట్ర పశువైద్య విశ్వవిద్యాలయం కూడా ఉంది. ఇక్కడి పాడి రైతులనూ, దేశంలో మరెందరినో వేధించే ప్రశ్న ఒకటుంది: ఆవు సకాలంలో ఎదకు వస్తోంది, కృత్రిమ గర్భధారణ చేయిస్తున్నారు, అయినా చూడి ఎందుకు కట్టదు?

మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు ఇలా విఫలమైతే దాన్ని తిరగపొర్లే పశువు అంటారు. నింద సాధారణంగా వీర్యం మీదికో, సిబ్బంది మీదికో పోతుంది. అండం సంగతి ఎవరికీ తట్టదు.

ఆవు సుమారు 21 రోజులకోసారి ఎదకు వస్తుంది. కానీ అప్పుడు విడుదలయ్యే అండం ఆ 21 రోజుల్లో తయారైంది కాదు. అండాశయంలో దాన్ని పొదువుకున్న పుటిక ఎదగడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. ఆ కాలంలో ఆవు పడిన ఇబ్బందులు అండాన్ని దెబ్బతీయవచ్చు. ఈనిన తొలి వారాల్లో పాలకు ఖర్చయ్యే శక్తి మేతతో తీరక ఒంట్లోని కొవ్వు కరుగుతుంది. దాని ప్రభావం వారాల తర్వాత విడుదలయ్యే అండాల్లో బయటపడుతుందని అమెరికా శాస్త్రవేత్త జాక్ బ్రిట్ 1992లో ప్రతిపాదించారు. ఎండలు తగ్గాక కూడా కొన్ని వారాలపాటు చూడి సరిగా నిలవకపోవడాన్ని ఇజ్రాయెల్ పాడి మందల్లో గమనించారు. బలహీనమైన అండం ఫలదీకరణ చెందినా పిండం తొలి రోజుల్లోనే చనిపోవచ్చు. రైతుకు కనిపించేది మాత్రం మళ్లీ వచ్చిన ఎద ఒక్కటే.

వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, వరిగడ్డి మీద ఎక్కువగా ఆధారపడే మేత. భిలాయి పరిసరాల్లో ఈ రెండూ కలుస్తాయి.

2019 సెప్టెంబరులో మొదలైన దేశవ్యాప్త కృత్రిమ గర్భధారణ కార్యక్రమం రైతు ఇంటి ముంగిటికే ఉచిత సేవ తెచ్చింది. అది మేలే. అయితే ఎన్ని పశువులకు చేశారన్నదే విజయానికి కొలత కాకూడదు. అన్ని వైఫల్యాలకూ అండమే కారణం కాదు. గర్భాశయ ఇన్ఫెక్షన్, ఎదను ఆలస్యంగా గుర్తించడం కూడా కారణాలే. అందుకే మూడుసార్లు విఫలమైన పశువుకు నాలుగోసారి ప్రయత్నించే ముందు గర్భాశయం, అండాశయాల పరీక్ష తప్పనిసరి చేయాలి. చూడి చివరి నెలల నుంచే పచ్చిమేత, ఖనిజ లవణాలు, నీడ, చల్లని నీళ్లు అందేలా రైతుకు తోడ్పడాలి.

తప్పిన ప్రతి ఎదకూ రైతు మరో 21 రోజుల మేత ఖర్చు భరిస్తాడు. భరించలేనినాడు ఆ ఆవు సంతకో, రోడ్డు మీదికో చేరుతుంది. మూడు నెలల ముందు చూపే శ్రద్ధ అంతకంటే చౌక.